మొదటి పేడు

కొండ దిగువన ఒక గెడ్డ పారుతుంది. గెడ్డకి ఎడమ పక్క గట్టు, గట్టు మీద నేరేడు చెట్టు, చెట్టు మొదట్లో ఒక బొరియ. ఎంత వాన కురిసినా, గెడ్డ ఎంత పొంగినా ఆ బొరియలోకి చుక్క నీరు దిగదు. ముళ్ళపంది సూరమ్మ ఇల్లది. వాళ్ళ అమ్మమ్మ తవ్వింది, వాళ్ళమ్మ పెద్దది చేసింది, సూరమ్మ ఊడ్చుకుని కాపురం ఉంటోంది.

ఒంటరిదానికి మంచి ఇల్లుంటే లోకం ఓర్చుకుంటుందా? గుంటనక్క సన్నాసికి ఆ బొరియ మీద మూడేళ్ళుగా కన్ను. వాడిది పల్లంలో గుంట. ఏటా తొలకరికి మునిగిపోయేది. వాడు తడిసిన తోకేసుకుని రాతి మీద కూచుని వానని తిట్టేవాడు. గట్టు మీద ఇంకోటి తవ్వుకోవచ్చు కదా అంటారేమో. తవ్వుకుంటే వాడు నక్కెందుకవుతాడు? ఒకసారి సూరమ్మ ఇంట్లో లేదనుకుని దూరాడు. ఉంది. తొడలో రెండు ముళ్ళతో బయటికొచ్చాడు. అప్పట్నుంచీ గట్టు కిందనుంచి పోయినప్పుడల్లా, "అప్పా, ఒంట్లో కులాసాయేనా?" అని అడిగి మరీ పోయేవాడు. కులాసాగా ఉన్నానని చెప్పినప్పుడల్లా వాడి మొహం వాడిపోయేది.

సూరమ్మ పని కొయ్య గరిటెలు చెక్కడం. ముందు పళ్ళు రెండే ఆమె ఉలి, బాడిసె. ఆ కొండ కింద ఎవరి అంబలి కుండలో తిరిగే గరిటైనా ఆ రెండు పళ్ళ కింద పుట్టిందే.

అదే చెట్టుకి పైవాటా ఉడుత సింగారిది. ఆరేళ్ళ స్నేహం వాళ్ళది. సింగారి పైనుంచి నేరేడు పళ్ళు రాల్చేది, సూరమ్మ కింద ఏరుకు తినేది. సింగారి పగటి మనిషి, సూరమ్మ రాత్రి మనిషి. తెల్లారుతుండగా ఒకసారి, పొద్దు వాలుతుండగా ఒకసారి ఇద్దరూ కలిసి లోకాన్ని నాలుగు మాటలనేవాళ్ళు. ఆ ఎండాకాలం సింగారికి బుద్ధి పుట్టింది.

"అప్పా, నాకూ రెండు పళ్ళున్నాయి కదా. నీ పని నాకు నేర్పవా?"

"నీకా? గింజ ఎక్కడ దాచావో మధ్యాహ్నానికి మర్చిపోతావు. పని గుర్తుంటుందేటే?"

"గింజలు ఆకలి తీరాక మర్చిపోతాను. ఇది అలాక్కాదు. నీ తరవాత ఈ పని ఎవరు చేస్తారు?"

సూరమ్మ వీపు దులుపుకుంది. ఆ మధ్య రోజుకి రెండు ముళ్ళు వాటంతటవే రాలిపోతున్నాయి. రాలినవి మళ్ళీ మొలవడం లేదు. ఆ సంగతి సింగారికీ తెలుసు. తెలిసిందని ఇద్దరూ ఒకరికొకరు చెప్పుకోలేదు.

"సరే, రేపట్నుంచి దిగు," అంది సూరమ్మ. "పగలు నాకు కళ్ళు కనపడి చావవు. అయినా నీకోసం నిద్ర చెడగొట్టుకుంటాను. నీకు తెలివి ఉన్నది పగలే కదా, అదీ ఉంటే."

* * *

మర్నాడు నేరేడు నీడలో, గెడ్డ చల్లగాలి తగిలే చోట ఇద్దరూ కూర్చున్నారు. సూరమ్మ ఎండకి కళ్ళు చికిలించి, తడి ఇసకలో పూడ్చిపెట్టిన అంకుడు చెట్టు మొద్దుని కాలితో పైకి లాగింది.

"కట్టెని ఇసకలో ఎందుకు పూడుస్తారో తెలుసా?"

"దొంగలెత్తుకుపోకుండా."

"నీ మొహం! తొందరగా ఎండితే పగులుతుందని. కట్టెకి ఎండడం అనేది మనకి దుఃఖం లాంటిది. మెల్లిగా లోపల్నుంచి ఆరాలి. పైపైన ఆరబెడితే మధ్యకి చీలుతుంది."

తరవాత మొద్దులోంచి ఒక చిన్న పేడు, గోరంత చెక్క ముక్క, లేచేలా పన్ను దించింది. ఆ పేడుని సింగారి చేతికిచ్చింది.

"నమిలి నాలిక కింద పెట్టుకో. పది ఊపిర్లు తీసేదాకా ఉమ్మకు."

సింగారి పెట్టుకుంది. మూడో ఊపిరికే తోక ఆడించడం మొదలెట్టింది. ఐదో ఊపిరికి చెట్టెక్కబోయి దిగింది. పదో ఊపిరికి ఉమ్మేసి, "చప్పగా ఉందప్పా. ఎందుకిదంతా? అంకుడని చూస్తేనే తెలుస్తోందిగా," అంది.

"చూపుకేం తెలుస్తుందే? చూపు అందగాణ్ణి చూసి మంచివాడనుకుంటుంది. చేదైతే ఉమ్మి చూడు. వేప చేదు ఉమ్మితే పోతుంది, అది మంచి చేదు. ఉమ్మినా పోకుండా నాలిక మొద్దుబారిందా, ఆ కట్టెని వదిలేసి నోరు కడుక్కుని నలుగురికీ చెప్పాలి. అసలు గరిటె ఎక్కడికి పోతుంది?"

"కుండలోకి."

"ఎవరి కుండలోకి?"

"అందరి కుండలోకీ."

"అందుకే మొదటి పేడు చెక్కేవాళ్ళ నోట్లోకి పోవాలి. మన నాలిక అడ్డం పెట్టకుండా ఇంకోళ్ళ నాలిక మీదకి ఏదీ పంపకూడదు. మా అమ్మ నాకు నేర్పిందిదే. మిగిలిందంతా పళ్ళు నేర్చుకుంటాయి."

సింగారి బుర్ర ఊపింది. ఊపడానికేం, అందరం ఊపుతాం.

గరిటెలు చెక్కేవాళ్ళకి ఒక ఆనవాయితీ ఉంది. నేర్చుకునేవాళ్ళు చెక్కిన మొదటి మంచి గరిటెతో నేర్పినవాళ్ళ వాకిట్లో చోడి అంబలి, అదే రాగి అంబలి, కాస్తారు. అడవంతా వస్తుంది. నేర్పినవాళ్ళు ముందుగా మూడు గుటకలు తాగి "పొయ్యండి" అంటే అప్పుడు అందరికీ పోస్తారు. ఆ పైన నేర్పినావిడ తన వీపు మీది ముల్లు ఒకటి పీకి నేర్చుకున్నదాని చేతికిస్తుంది, కట్టె మీద గీత గీసుకోవడానికి. ఇదంతా తొలకరి లోపల జరగాలి. వానలు పట్టాయంటే కట్టె ఆరదు, మళ్ళీ ఎండాకాలం దాకా ఆగాలి.

మళ్ళీ ఎండాకాలం! సూరమ్మ వీపు చూస్తే సింగారికి ఆ మాట ముల్లులా గుచ్చుకునేది. అప్ప ఉండగానే ఆ గరిటె కుండలో తిరగాలి. అప్ప చేత్తోనే ఆ ముల్లు తన చేతికి రావాలి. దానికి ఇంకో కోరిక లేదు.

మొదటి గరిటె మూడు రోజుల్లో ముగించింది. త్వరగా ఆరుతుందని ఎండలో రాతి మీద పెట్టింది. సాయంత్రానికి ఈ చివర్నుంచి ఆ చివరికి పగిలింది.

"పోన్లే," అంది సూరమ్మ. "నాకు వీపు గోక్కోడానికి పనికొస్తుంది. ముళ్ళ మధ్యకి పోయే గరిటె ఇన్నాళ్ళూ లేదు."

రెండోదానికి గుంట లోతు చాలదని కొరికీ కొరికీ అడుగు చిల్లు పెట్టింది.

సూరమ్మ ఆ చిల్లు కంటికి ఆనించుకుని, "ఓలమ్మో, గెడ్డ అవతలి ఒడ్డు కూడా కనపడుతోందే!" అంది.

మూడోది బాగా వచ్చింది. చిట్టచివర, కాడ సన్నంగా ఉంటే సొగసని నారకి ఎదురు కొరికింది. టప్పుమని విరిగింది.

"కట్టె నార ఎటు పోతే పన్ను అటు పోవాలని ఎన్నిసార్లు చెప్పాను?"

"నాకు రాదప్పా ఈ పని." సింగారి రెండు కాళ్ళూ మొహానికి అడ్డం పెట్టుకుంది.

"వస్తుంది. మా అమ్మ దగ్గర నేను పదకొండు విరక్కొట్టాను. నువ్వింకా మూడే. చాలా వెనకబడ్డావు."

సింగారి నవ్వింది. కానీ తూర్పున మబ్బు పట్టడం చూసి ఆ నవ్వు సగంలో ఆగింది. కౌజుపిట్ట పైడమ్మ, ఎనిమిది మంది పిల్లల్నేసుకుని అటే పోతూ, ఊరుకోవచ్చా? "ఏం వదినా, అంబలి ఎప్పుడు? మా పిల్లలు చిప్పలు కడిగి పెట్టుకుని ఎండబెట్టి మళ్ళీ కడుగుతున్నారు!" అని ఒక రాయి విసిరిపోయింది.

* * *

మర్నాడు సూరమ్మ దగ్గుతో బొరియలోంచి బయటికి రాలేదు. "ఇసకలో అంకుడు మొద్దు ఇంకోటుంది. మొదలెట్టు. తొందరపడకు," అని లోపల్నుంచే కేకేసింది.

సింగారి గెడ్డ ఒడ్డుకి పోయి కూచుంది. మొద్దు తియ్యలేదు. మబ్బు లెక్కపెడుతోంది. అప్పుడు వచ్చాడు సన్నాసి. వీపు మీద మోదుగాకుల్లో చుట్టిన మూట ఒకటి.

"ఏం మరదలా, ఉడుత మొహం ఊబిలో పడ్డట్టుందేం?"

"నీకెందుకులే బావా. నీ దారిన నువ్వు పో."

"పోతాను. పోయేవాణ్ణే. మీ అప్ప దగ్గు మా గుంట దాకా వినిపించింది, మనసాగక వచ్చాను." సన్నాసి నిట్టూర్చాడు. ఆ నిట్టూర్పులో పుట్టెడు తేనె. "పెద్దప్రాణం. రేపో మాపో వాన. ఈ ఏడు అంబలి లేకపోతే వచ్చే ఏటికి ఎవరుంటారో, ఎవరు పోతారో! ఆమెకి నీ గరిటె అంబలి తాగాలని ఎంత ఆశో పాపం."

సింగారి తోక వాలిపోయింది. నక్కకి ఎదుటివాళ్ళ కడుపులో బాధ ఎక్కడుందో వాసన తెలుస్తుంది. మనలోనూ ఉంటారు అలాంటివాళ్ళు. వాళ్ళని పరామర్శకి పిలవకండి.

"నేనేం చెయ్యను బావా? మొద్దు చెక్కి, ఆరబెట్టి... ఎనిమిది రోజులు కావాలి."

సన్నాసి మూట దింపి కాలితో ఆకులు విప్పాడు. లోపల తెల్లటి కట్టె. బెరడు లేదు, ఆకు లేదు. ఒక చివర బుడిపె, ఆ బుడిపెలో పుట్టుకతోనే గుంట. కాడ తిన్నగా ఉంది. చూడగానే గరిటె అనిపించేలా ఉంది.

"మా తాతల నాటి అంకుడు. ఆరి ఆరి ఇనుమయింది. రాతికేసి కాస్త రుద్దాను. నువ్వు బరింకాకుతో నునుపు చేశావంటే పని అయిపోయినట్టే."

బరింకాకంటే గరుకాకు. కొయ్యని దానితో తోమితే అద్దంలా అవుతుంది.

"నేను చెక్కింది కాదుగా," అంది సింగారి.

"నునుపు నీది కాదా? మెరుపు నీది కాదా? కట్టెని చెట్టు కంటుంది మరదలా, ఎవరూ కట్టెని కనరు. ఆలస్యం అమృతం విషం అన్నారు పెద్దలు."

"నోట కరుచుకు రాక వీపు మీద మోసుకొచ్చావేం బావా?"

ఆ మాట అడిగింది. అడిగింది కాబట్టే తరవాత తన్ను తాను క్షమించుకోలేకపోయింది.

సన్నాసి రెప్ప కూడా వెయ్యలేదు. "శుభమా అంటూ నలుగురూ తాగే అంబలి కోసం. నా ఎంగిలి తగలనిస్తానా? మాకూ ఆచారాలున్నాయమ్మా."

సింగారి కట్టె తీసుకుంది.

సాయంత్రం దాకా బరింకాకుతో తోమింది. ఎంత తోమితే అంత తెలుపు, పాలమీగడ లాంటి తెలుపు. పొడి ఎగిరి పెదవి మీద పడింది. నాలికతో తుడుచుకుంది. నాలిక చివర కొంచెం తిమ్మిరెక్కింది. ఆకు గరుకనుకుంది. గెడ్డలో నోరు పుక్కిలించి మళ్ళీ తోమింది. మొదటి పేడు సంగతి గుర్తు రాక కాదు. గుర్తొచ్చింది. కానీ పేడు లేవాలంటే పన్ను దించాలి. పన్ను దించితే గాటు పడుతుంది. ఇంత నునుపు మీద గాటు ఎవరు పెడతారు?

* * *

మూడో రోజు పొద్దున్నే మబ్బు కొండ నెత్తికెక్కింది. వాకిట్లో మూడు రాళ్ళ మీద అంచు పగిలిన పెద్ద కుండ, కింద మంట. చోడి పిండి కలిపారు. చుట్టూ అడవి జనం. పైడమ్మ పిల్లలు ఎనిమిదిమందీ చిప్పలతో ముందు వరసలో కూచున్నారు. సన్నాసి అందరికీ వెనకాల, దూరంగా.

"ముందుకి రా అన్నయ్యా," అంది పైడమ్మ.

"నాకివాళ ఉపవాసం చెల్లమ్మా. చూసి పోదామని వచ్చాను."

సూరమ్మ బొరియలోంచి వెలుతురులోకి వచ్చి కళ్ళు చికిలించింది. సింగారి గరిటె ఆమె చేతిలో పెట్టింది. సూరమ్మకి కనపడింది తెల్లటి మెరుపొక్కటే.

"ఓసి నీ దుంప తెగ! రెండు రోజుల్లో చేశావేటే ఇంత పని?"

"ముందు మూడు విరక్కొట్టానుగా అప్పా. పళ్ళు నేర్చుకున్నాయి."

"ఇసకలో మొద్దు కదా ఇది?"

"కాదు... ఇంకో అంకుడు. దొరికింది."

"కొత్త కట్టెన్నమాట. మొదటి పేడు నమిలావా?"

సింగారి ఒక్క క్షణం గెడ్డకేసి చూసింది.

"నమిలాను."

"ఎలా ఉంది?"

"చప్పగా ఉందప్పా."

సూరమ్మ ఇంకేమీ అడగలేదు. ఆ పనివాళ్ళలో ఒకరి నాలికని ఇంకొకరు అనుమానించరు. అనుమానిస్తే ఆ రోజుతో స్నేహం చెల్లు.

గరిటె కుండలో దిగింది. అంబలి తుకతుక ఉడికేదాకా సింగారే తిప్పింది, తోక జెండాలా నిలబెట్టి. దించాక సూరమ్మ ఆ గరిటెతోనే తీసుకుని ఊది ఊది ఒక గుటక తాగింది. "ఉప్పు సరిపోయింది," అంది. అందరూ నవ్వారు. రెండో గుటక తాగింది. మూడోది తాగి గరిటె దించబోయి ఆగింది.

నోట్లో నాలికని ఇటూ అటూ తిప్పింది. ఉమ్మింది. మళ్ళీ ఉమ్మింది. గరిటెని మొహం దగ్గరగా పెట్టుకుని కాడ చివర్నుంచి గుంట దాకా మెల్లగా తడిమింది. కళ్ళు కనపడని ముసలిది వేళ్ళతో వెతుకుతోంది. ఎక్కడా ఒక్క పంటి గాటు లేదు.

మరుక్షణం వెనక కాలితో కుండని ఒక్క తన్ను తన్నింది. కుండ బద్దలై అంబలి వాకిలంతా పారింది.

జనం గొల్లుమన్నారు. "ముసలమ్మకి పని నచ్చలేదర్రా!" అన్నారెవరో. "ఇంత పొగరా! పిల్లల నోటి దగ్గర కూడు తన్నేస్తుందా!" అంది పైడమ్మ.

సింగారికి ఒళ్ళంతా మంట రేగింది. ఎండాకాలం అంతా పడ్డ సిగ్గు ఒక్కసారి గొంతులోకొచ్చింది.

"నాకు పని రావడం నీకిష్టం లేదు! నీ ఒక్కదానికే పేరుండాలి! నువ్వు నా అప్పవి కాదు, నీ వీపు మీదే కాదు, కడుపులోనూ ముళ్ళే!"

ఆ మాట పూర్తయ్యేలోపు పైడమ్మ పిల్లలు నేల మీది అంబలి మీదకి పరిగెత్తారు. సూరమ్మ ఉన్న బలమంతా కూడదీసుకుని ముళ్ళు ఝల్లుమనిపించి వాళ్ళకి అడ్డంగా దూకింది.

"ముట్టుకోకండి! ముడితే చస్తారు!"

పైడమ్మ పిల్లల్ని రెక్కల కిందకి లాక్కుంది. సూరమ్మ ముందు కాళ్ళు వణికాయి. కూలబడింది.

"సింగారీ," అంది. గొంతులో కోపం లేదు. "పేడు నమిలావా?"

సింగారి తల దించుకుని అడ్డంగా ఊపింది.

"గన్నేరే తల్లీ అది. మేకలు కూడా ముట్టవు. ఎవరిచ్చారు?"

సింగారి తలెత్తి జనంలోకి చూసింది. అందరూ సూరమ్మ కేసి చూస్తున్నారు. ఒక్కడు మాత్రం చూడటం లేదు. వాడి చూపు బొరియ మీద ఉంది. ద్వారం ఎంత వెడల్పో కొలుస్తున్నట్టుగా ఉంది. సింగారి చూపు పోయినచోటికి సూరమ్మా మొహం తిప్పింది. కళ్ళు కనపడకపోయినా తెలుసుకుంది. మూడేళ్ళుగా తెలిసిన చూపది.

"ఓహో," అంది. "ఇల్లు కావాలా తమ్ముడికి."

అందరూ వెనక్కి తిరిగేసరికి సన్నాసి లేడు.

"అప్పా, వాంతి చేసుకో అప్పా, నీళ్ళు తెస్తాను, నేను..." సింగారి ఆమె చుట్టూ పిచ్చిదానిలా తిరిగింది. "నేనన్న మాట..."

"మాటకేం లే. నా ముళ్ళకి అలవాటే." సూరమ్మ ఊపిరి పట్టి పట్టి తీసుకుంటోంది. "మూడు గుటకలు ఎక్కువే నాకు. ఇటు రా. నా వీపు మీద ఒక ముల్లు పీక్కో. మంచిది చూసి తీసుకో, రాలిపోయేది కాదు."

"వద్దప్పా! అది పని నేర్చుకున్నవాళ్ళకిచ్చేది."

"ఇవాళ నేర్చుకున్నావు," అంది సూరమ్మ.

సింగారి పీకింది. పీకినప్పుడు సూరమ్మ 'అబ్బా' అనలేదు. పీకినదే ఏడ్చింది.

తరవాత సూరమ్మ ఈడ్చుకుంటూ బొరియకేసి కదిలింది. పట్టుకోబోతే వద్దంది. మామూలుగా అయితే లోపలికి పోయి, ఇటు తిరిగి, ద్వారం దగ్గర మొహం పెట్టుకుని పడుకునేది, సింగారితో కబుర్లకి. ఆ రోజు అలా తిరగలేదు. తల లోపలికి పెట్టింది, వీపు ద్వారానికి పెట్టింది, ఉన్న ముళ్ళన్నీ నిక్కబొడిచింది. తలుపుకి గడియ వేసినట్టు అలాగే బిగుసుకుపోయింది.

తొలకరి చినుకు మొదటిది ఆ ముళ్ళ మీదే పడింది.

* * *

మూడు రోజులు ఆగకుండా కురిసింది. సన్నాసి గుంట మునిగింది. అటూ ఇటూ చూసి, వాడు గట్టెక్కి వచ్చాడు. బొరియ ద్వారంలో ముళ్ళు అలాగే ఉన్నాయి. "చచ్చినదాని ముళ్ళు గడ్డిపరకలు," అనుకున్నాడు. పక్కకి గెంటి దూరదామని మొహం పెట్టి తోశాడు.

బతికున్నప్పుడు సూరమ్మ రెండు ముళ్ళే దించింది. అప్పుడు జాలి ఉండేది ఆమెకి.

మూతి నిండా, ముక్కు నిండా, పెదవులకి ఈ పక్కా ఆ పక్కా పన్నెండు ముళ్ళతో సన్నాసి చెట్టు మొదట్లోకొచ్చి పడ్డాడు. దొంగకి తేలు కుట్టినట్టు అరవనూ లేడు, ఊరుకోనూ లేడు. వానకి తలదాచుకుని పైడమ్మ, పిల్లలు, మరి నలుగురు ఆ చెట్టు కిందే ఉన్నారు. సింగారి కొమ్మ దిగి వచ్చింది. మూడు రోజుల్లో దాని చారలు కూడా వెలిసిపోయినట్టున్నాయి.

"మరదలా," అన్నాడు పళ్ళు విడదియ్యకుండా. "నీ చిన్న చేతులకే అవుతుంది. తియ్యవా... నీ కాళ్ళకి దండం."

"తీస్తాను బావా," అంది సింగారి. మెత్తగా అంది. పైడమ్మ తెల్లబోయింది. "కానీ బాగా నొప్పెడుతుంది. పళ్ళ మధ్య ఏదైనా బిగించి పట్టుకుంటే ఓర్చుకోగలవు. ఉండు."

పైకెక్కి, చిటారు తొర్రలో ఎవరికీ అందకుండా దాచిందాన్ని తెచ్చింది. తెల్లగా, నునుపుగా, పాలమీగడలా మెరుస్తోంది.

"ఊఁ, ఇది కరుచుకో. మీ తాతల నాటి అంకుడే కదా."

సన్నాసి వెనక్కి జరిగాడు.

"వద్దు."

"ఎంగిలి అవుతుందనా? నాకేం పట్టింపు లేదులే. తెరు నోరు."

"వద్దన్నానా!"

"ఎందుకొద్దు బావా? ఒక్క పేడు నమిలి చూడు. చప్పగా ఉంటుంది."

గరిటె మూతి దగ్గరకొచ్చేసరికి నక్కకి నొప్పి మర్చిపోయి ప్రాణం గుర్తొచ్చింది. "గన్నేరు! గన్నేరే అది! తీసెయ్! నీకిచ్చేటప్పుడే నేను నోట పెట్టలేదు, ఇప్పుడు పెడతానా!"

పైడమ్మ రెక్కలు విదిలించి లేచింది. "ఉపవాసం అన్నావు కదూ అన్నయ్యా. మా ఎనిమిది మందీ చిప్పలు పట్టుకు కూచుంటే, ఉపవాసం అన్నావు కదూ!"

సన్నాసి గెడ్డలో పడి అవతలికి పారిపోయాడు. వాణ్ణెవరూ తరమలేదు, ముల్లు కూడా ఎవరూ తియ్యలేదు. ఆ పైన వాడేమయ్యాడో నాకు తెలీదు. తెలుసుకోవాలనీ లేదు.

వాన వెలిశాక అందరూ తలా ఇంత మన్ను తెచ్చి ఆ బొరియ మూశారు. సూరమ్మ ఇల్లు సూరమ్మకే మిగిలింది. గన్నేరు గరిటెని సింగారి లోతుగా పాతి పైన బండ పెట్టింది. వానలో కట్టె ఆరదని తెలిసీ, ఇసకలోంచి అంకుడు మొద్దు లాగింది. ముల్లుతో దాని మీద గీత గీసింది. గీసి, పన్ను దించి, మొదటి పేడు లేవదీసింది.

నాలిక కింద పెట్టుకుని కూర్చుంది. ఒకటి, రెండు, మూడు. తోక కదపలేదు. పది ఊపిర్లయ్యాక మూసిన బొరియ దగ్గరికి పోయి, మట్టికి మూతి ఆనించి చెప్పింది.

"చప్పగా ఉందప్పా."

వినేవాళ్ళు లేరు. ఈసారి చెప్పింది మాత్రం నిజం.

నీ పంటికి తగలనివ్వని పని, ఎవరి ప్రాణానికో తగులుతుంది.